బడ్జెరిగార్

బడ్జెరిగార్ (శాస్త్రీయ నామం: మెలోప్సిట్టాకస్ అండ్యులేటస్) ఆస్ట్రేలియా ఖండానికి చెందిన ఒక చిన్న చిలుక. పొడవైన తోక, ఆకుపచ్చని శరీరం, పసుపు పచ్చని ముఖం, రెక్కలపై అలల వంటి నల్లని చారలు దీని ముఖ్య లక్షణాలు. దీనిని క్లుప్తంగా "బడ్జీ" అని కూడా అంటారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దీనిని ఎక్కువమంది "లవ్ బర్డ్" అనే పేరుతో ఎరుగుదురు. హైదరాబాదు పాతబస్తీలోని పక్షుల అంగళ్ళలో పంజరాలలో కనిపించే నీలం, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల చిన్న చిలుకలలో అధికభాగం ఈ జాతికి చెందినవే. పంజరంలో పెంచే పక్షిగా ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందినప్పటికీ, ఆస్ట్రేలియా లోపలి పొడి నేలలలో ఇది నేటికీ పెద్ద గుంపులుగా స్వేచ్ఛగా సంచరించే వన్యపక్షి.

శాస్త్రీయ వర్గీకరణ

రాజ్యం: జంతువులు
విభాగం: కార్డేటా
తరగతి: ఏవ్స్ (పక్షులు)
క్రమం: సిట్టాసిఫార్మిస్
కుటుంబం: సిట్టాక్యులిడే
ప్రజాతి: మెలోప్సిట్టాకస్
జాతి: మెలోప్సిట్టాకస్ అండ్యులేటస్

ఈ ప్రజాతిలో నేడు జీవించి ఉన్న జాతి ఇది ఒక్కటే. పొడవైన తోక, చిన్న పరిమాణం కారణంగా దీనిని పూర్వం ఆస్ట్రేలియాలోని ఇతర గడ్డి చిలుకలతో కలిపి చూసేవారు. జన్యు పరిశోధనల తరువాత దీనికి దగ్గరి బంధువులు మకరందం త్రాగే లోరీ చిలుకలు, అత్తి చిలుకలు అని తేలింది. మన రామచిలుక కూడా సిట్టాక్యులిడే కుటుంబానికే చెందుతుంది. అయితే ఈ రెండింటి మధ్య బంధుత్వం దూరమైనది.

పేరు

"బడ్జెరిగార్" అనే పేరు ఆస్ట్రేలియా ఆదిమవాసుల భాషలలో ఒకటైన గమిలరాయ్ నుండి వచ్చిందని భావిస్తారు. ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు జార్జ్ షా 1805లో ఈ పక్షిని మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. 1840లో జాన్ గూల్డ్ దీనికి మెలోప్సిట్టాకస్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. గ్రీకు భాషలో ఈ మాటకు "పాడే చిలుక" అని అర్థం. "అండ్యులేటస్" అనగా లాటిన్‌లో అలలు కలిగినది అని అర్థం. రెక్కలపై, మెడ వెనుక ఉండే చారలను బట్టి ఈ పేరు వచ్చింది.

"లవ్ బర్డ్" అనే వాడుక శాస్త్రీయంగా సరైనది కాదు. అసలు లవ్ బర్డ్‌లు ఆఫ్రికా ఖండం, మడగాస్కర్‌లకు చెందిన అగాపోర్నిస్ ప్రజాతి చిలుకలు. వాటిలో తొమ్మిది జాతులున్నాయి. వాటి శరీరం బొద్దుగా, తోక పొట్టిగా, ముక్కు పెద్దదిగా ఉంటుంది. బడ్జెరిగార్ సన్నగా ఉండి, తోక పొడవుగా సాగి ఉంటుంది. పక్షులను కొనేవారికి ఈ తేడా తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే ఈ రెండింటి స్వభావం, అవసరాలు ఒకటి కావు.

శరీర లక్షణాలు

వన్య బడ్జెరిగార్ సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, 30 నుండి 40 గ్రాముల బరువు ఉంటుంది. ప్రదర్శనల కోసం తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన పక్షులు ఇంతకంటే చాలా పెద్దవిగా ఉంటాయి. కంఠంపై నల్లని చుక్కలు, బుగ్గలపై ఊదారంగు మచ్చలు ఉంటాయి. తోక ముదురు నీలం రంగులో ఉంటుంది. అన్ని చిలుకల వలెనే కాలికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వేళ్ళు వెనుకకు ఉండటం వలన కొమ్మలను గట్టిగా పట్టుకొని ప్రాకగలదు.

ముక్కుకు పైన నాసికా రంధ్రాలున్న మెత్తని భాగాన్ని సీర్ అంటారు. ఆడ, మగ పక్షులను గుర్తించడానికి ఇది ముఖ్యమైన ఆనవాలు. ఎదిగిన మగపక్షికి సీర్ నీలం రంగులో ఉంటుంది. ఆడపక్షికి తెలుపు నుండి గోధుమ రంగు వరకు ఉండి, గుడ్లు పెట్టే కాలంలో ముదురు గోధుమ రంగుకు మారుతుంది. కొన్ని పెంపుడు రంగు రకాలలో మాత్రం మగపక్షికి కూడా సీర్ గులాబీ లేదా లేత ఊదా రంగులోనే ఉండిపోతుంది. పిల్లపక్షులకు నుదుటిపై చారలు సీర్ వరకు వ్యాపించి ఉంటాయి, కళ్ళు పూర్తిగా నల్లగా ఉంటాయి. మూడు నాలుగు నెలల వయసులో ఈకలు రాల్చిన తరువాత నుదురు పసుపు రంగులోకి మారి, కంటిపాప చుట్టూ తెల్లని వలయం ఏర్పడుతుంది.

మనుషుల కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని బడ్జెరిగార్ చూడగలదు. దీని తలపైన, బుగ్గలపైన ఉండే పసుపు ఈకలు అతినీలలోహిత కాంతిని గ్రహించి ప్రతిదీప్తిని వెలువరిస్తాయి. జత పక్షిని ఎన్నుకొనడంలో ఈ మెరుపుకు పాత్ర ఉన్నదని 2002లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది.

ఆవాసం, విస్తరణ

బడ్జెరిగార్‌లు ఆస్ట్రేలియా లోపలి శుష్క, అర్ధశుష్క ప్రాంతాలలో నివసిస్తాయి. గడ్డి మైదానాలు, పొదలు, పలుచని యూకలిప్టస్ వనాలు, వాగుల వెంట పెరిగే చెట్లు వీటి ఆవాసాలు. తూర్పు తీరంలో అధికభాగం, కేప్ యార్క్ ద్వీపకల్పం, నైరుతి మూల, టాస్మేనియా ద్వీపంలో ఇవి సహజంగా కనిపించవు.

ఇవి ఒకచోట స్థిరంగా ఉండవు. వాన ఎక్కడ కురిసి గడ్డి ఎక్కడ గింజ పడితే అక్కడికి తరలిపోతాయి. ఈ సంచారానికి ఏటా ఒకే దారి, ఒకే తేదీ ఉండవు. ఉత్తర ప్రాంతాలకు శీతాకాలంలోను, దక్షిణానికి వసంత, గ్రీష్మాలలోను వెళ్ళే ధోరణి మాత్రం కనిపిస్తుంది. ఒక ప్రాంతంలో వేల సంఖ్యలో ఉన్న పక్షులు కరువు వచ్చినప్పుడు పూర్తిగా కనుమరుగై, మంచి వాన పడిన తరువాత తిరిగి రావడం సాధారణం. పశువుల కోసం త్రవ్విన బోరుబావులు, కుంటలు ఏర్పడిన తరువాత పూర్వం నీరు లేని చోట్ల కూడా ఇవి నివసించగలుగుతున్నాయి.

ఆహారం, నీరు

వీటి ఆహారం దాదాపు పూర్తిగా గింజలే. స్పినిఫెక్స్, మిచెల్ గడ్డి వంటి స్థానిక గడ్డి జాతుల గింజలను నేలపైన, లేదా గడ్డి కంకులకు వ్రేలాడుతూ తింటాయి. గింజను ముక్కుతో ఒలిచి పొట్టు వదిలివేస్తాయి. అప్పుడప్పుడు పంట గింజలను కూడా తింటాయి.

తెల్లవారగానే నీటి వద్దకు చేరి, తరువాత మేత వెదకడం, ఎండ ముదిరే వేళకు చెట్ల నీడలో కదలకుండా కూర్చోవడం, సాయంకాలం తిరిగి మేతకు వెళ్ళడం వీటి దినచర్య. వాతావరణం చల్లగా ఉన్నప్పుడు ఎండు గింజలు మాత్రమే తింటూ నీరు లేకుండా చాలా రోజులు బ్రతకగలవని ప్రయోగశాల పరిశీలనలలో తేలింది. శరీరంలో ఆహారం జీర్ణమై దహించబడేటప్పుడు ఏర్పడే నీటిని ఇవి సమర్థంగా వాడుకుంటాయి. ఎండ తీవ్రమైనప్పుడు మాత్రం ఈ సామర్థ్యం చాలదు. పక్షులకు చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, నీటిని ఆవిరిగా పోగొట్టుకొని శరీరాన్ని చల్లబరచుకోవాలి. చిన్న శరీరంలో నీటి నిల్వ తక్కువ కనుక కొద్ది గంటలలోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది. 1932 జనవరిలో మధ్య ఆస్ట్రేలియాలో వచ్చిన వడగాడ్పులకు బడ్జెరిగార్‌లు పెద్ద సంఖ్యలో మరణించాయి. 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటినప్పుడు కూడా వేలాది జీబ్రా ఫించ్‌లతో పాటు ఇవి చనిపోయాయి. ఎడారి పక్షి అయినంత మాత్రాన ఎంత ఎండనైనా తట్టుకుంటుందనే నమ్మకం సరికాదని ఈ ఘటనలు తెలుపుతున్నాయి.

గుంపు జీవనం

బడ్జెరిగార్ ఒంటరిగా జీవించే పక్షి కాదు. సాధారణంగా పదుల సంఖ్యలో గుంపులుగా ఉంటాయి. మంచి వానల తరువాత నీటి గుంటల వద్ద వేలు, కొన్నిసార్లు పదివేలకు మించిన గుంపులు చేరతాయి. ఇవి ఒక్కసారిగా లేచి, ఒకే దిశలో మలుపు తిరుగుతూ ఎగురుతాయి. డేగలు గుంపులో ఒక పక్షిని గురిచూసి పట్టుకోవడం ఇందువల్ల కష్టమవుతుంది. ఎదురెదురుగా ఎగురుతున్న రెండు బడ్జెరిగార్‌లు ఢీకొనకుండా తమ కుడివైపుకు తప్పుకుంటాయని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించారు.

గుంపులో పక్షులు పరస్పరం ఈకలు సవరించుకుంటాయి. జంటలోని పక్షులు ముక్కుతో ముక్కు తాకించుకుంటూ ఆహారం పంచుకుంటాయి. వీటికి "ప్రేమ పక్షులు" అనే పేరు రావడానికి ఈ అలవాటే కారణం కావచ్చు.

కూత, అనుకరణ

మగపక్షి చాలాసేపు ఎడతెగకుండా సన్నని కిచకిచలతో పాడుతుంది. ఈ పాట వినడం వలన ఆడపక్షిలో అండాశయం ఎదిగి గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతుందని ప్రయోగాలలో తేలింది. ఒకదానినొకటి పిలుచుకోవడానికి వాడే పొట్టి కూతను ఇవి జీవితాంతం మార్చుకోగలవు. జత కట్టిన మగపక్షి తన జోడీ కూతను అనుకరించి నేర్చుకుంటుంది.

మనుషుల మాటలను అనుకరించడం కూడా ఈ నేర్పుకు కొనసాగింపే. ఒంటరిగా పెరిగే పక్షి, ముఖ్యంగా మగది, తన చుట్టూ ఉన్న మనుషులను గుంపుగా భావించి వారి శబ్దాలను నేర్చుకుంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పెరిగిన పక్ అనే బడ్జెరిగార్ 1,728 పదాలతో, అత్యధిక పదాలు తెలిసిన పక్షిగా గిన్నిస్ రికార్డుల పుస్తకంలో స్థానం పొందింది. ఇది 1994లో మరణించింది.

సంతానోత్పత్తి

ఉత్తర ఆస్ట్రేలియాలో జూన్ నుండి సెప్టెంబరు వరకు, దక్షిణాన ఆగస్టు నుండి జనవరి వరకు ఇవి గూళ్ళు పెడతాయి. అయితే నిజమైన సంకేతం వాన. వాన పడి గడ్డి గింజ కట్టగానే ఏ నెలలోనైనా పిల్లలను పెంచడానికి సిద్ధమవుతాయి. మేత సమృద్ధిగా ఉంటే ఒకదాని వెంట ఒకటిగా రెండు మూడు ఈతలు పెడతాయి.

యూకలిప్టస్ చెట్ల తొర్రలు, కంచె గుంజల రంధ్రాలు, పడిపోయిన దుంగలు వీటి గూళ్ళు. గూటిలో గడ్డి గాని, ఈకలు గాని పరచవు. చెక్కపొడిపైనే గుడ్లు పెడతాయి. ఒక ఈతలో సాధారణంగా 4 నుండి 6 తెల్లని గుడ్లు, రోజు విడిచి రోజు పెడుతుంది. ఆడపక్షి ఒక్కటే 18 నుండి 21 రోజులు పొదుగుతుంది. ఆ కాలమంతా మగపక్షి దానికి ఆహారం తెచ్చి నోటికి అందిస్తుంది. మొదటి గుడ్డు పెట్టిన కొద్దికాలానికే పొదగడం ప్రారంభించడం వలన పిల్లలు కూడా ఒకటి రెండు రోజుల తేడాతో బయటికి వస్తాయి. అందువల్ల ఒకే గూటిలో ఈకలు మొలిచిన పిల్ల, అప్పుడే గుడ్డు పగిలిన పిల్ల ప్రక్కప్రక్కన ఉండటం చూడవచ్చు. పుట్టినప్పుడు పిల్లలకు కళ్ళు తెరుచుకొని ఉండవు, శరీరంపై ఈకలు ఉండవు. సుమారు ఐదు వారాలకు గూడు విడిచి ఎగురుతాయి.

రంగులు ఎలా ఏర్పడ్డాయి

వన్య బడ్జెరిగార్ ఆకుపచ్చగా మాత్రమే ఉంటుంది. నిజానికి దాని ఈకలలో ఆకుపచ్చ వర్ణద్రవ్యం లేదు. ఈక లోపలి సూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వలన నీలం రంగు, సిట్టకోఫల్విన్ అనే వర్ణద్రవ్యం వలన పసుపు రంగు ఏర్పడతాయి. ఈ రెండూ కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. పసుపు వర్ణద్రవ్యం తయారుకాని పక్షి నీలంగా ఉంటుంది. నలుపు వర్ణద్రవ్యమైన మెలనిన్ లోపిస్తే పసుపుగా ఉంటుంది. రెండూ లోపిస్తే తెల్లగా ఉంటుంది.

పసుపు, నీలం రకాలు 19వ శతాబ్దం ద్వితీయార్థంలో ఐరోపా పెంపకందారుల వద్ద కనిపించాయి. నీలం రంగుకు కారణమైన జన్యు మార్పును 2017లో గుర్తించారు. ఒక ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వలన పసుపు వర్ణద్రవ్యం తయారీ ఆగిపోతుందని ఆ పరిశోధనలో తేలింది. ఇటువంటి రంగు పక్షులు అడవిలో గుంపు మధ్య సులభంగా డేగల కంటపడతాయి. మనిషి సంరక్షణలోనే ఇవి నిలిచి వృద్ధి చెందాయి.

మనుషులతో సంబంధం

మధ్య ఆస్ట్రేలియాలోని వార్ల్‌పిరి ప్రజలు ఈ పక్షిని ఙతిజిర్రి అని పిలుస్తారు. వారి పూర్వగాథలలో, చిత్రకళలో దీనికి స్థానం ఉంది. ఎడారిలో ఈ గుంపుల రాకపోకలు నీరు ఉన్న దిక్కును కూడా సూచిస్తాయి.

జాన్ గూల్డ్ 1840లో ఒక జత పక్షులను సజీవంగా ఇంగ్లాండుకు తీసుకుని వెళ్ళాడు. ఇవి పంజరంలో సులభంగా పిల్లలు పెట్టడం వలన కొద్ది దశాబ్దాలలోనే ఐరోపా అంతటా వ్యాపించాయి. 1925లో బ్రిటన్‌లో పెంపకందారుల సంఘం ఏర్పడింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1960 నుండి స్థానిక పక్షుల వాణిజ్య ఎగుమతిని నిషేధించింది. కనుక నేడు భారతదేశంలో అమ్మే బడ్జెరిగార్‌లు అడవి నుండి పట్టి తెచ్చినవి కావు, తరతరాలుగా పంజరాలలోనే పుట్టి పెరిగినవి.

అమెరికాలోని ఫ్లోరిడా పశ్చిమ తీరంలో తప్పించుకున్న, విడిచిపెట్టిన బడ్జెరిగార్‌లు ఒకప్పుడు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. 1970ల తరువాత ఆ సంఖ్య క్రమంగా తగ్గి, 2014 నాటికి అవి పూర్తిగా అంతరించాయి. అనుకూలంగా తోచిన చోట కూడా వీటి సంతతి నిలువలేదనడానికి ఇది ఉదాహరణ.

హైదరాబాదు పాతబస్తీలో

చార్మినారుకు పడమర దిక్కున, లాడ్ బజారుకు సమీపంలో మహబూబ్ చౌక్ ఉంది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుతో ఏర్పడిన ఈ చౌకులో, ప్రధానమంత్రి అస్మాన్ జా 1892లో కట్టించిన గడియార స్తంభం ఉంది. కోళ్ళు, పావురాలు, ఇతర పెంపుడు పక్షుల వ్యాపారానికి దీర్ఘకాలంగా పేరుపొందడం వలన దీనిని ప్రజలు ముర్గీ చౌక్ అని పిలుస్తారు. దక్కనీ ఉర్దూలో చిలుకను తోతా అంటారు. బడ్జెరిగార్‌లను మాత్రం ఇక్కడ తెలుగువారు, ఉర్దూ మాట్లాడేవారు కూడా లవ్ బర్డ్స్ అనే అంటారు.

మన ప్రాంతంలో వీటి పెంపకం ఆస్ట్రేలియాలోని సహజ జీవనానికి స్థానిక రూపంగా మారింది. చెట్టు తొర్రకు బదులు ప్రక్కన రంధ్రం చేసిన చిన్న మట్టికుండను పంజరంలో కడతారు. గడ్డి గింజలకు బదులు కొర్రలు, సజ్జలు, సామలు, వరిగలు వేస్తారు. సున్నపు ధాతువు కోసం కటిల్ చేప పెంకును పెడతారు. దీనిని మనవారు సముద్రపు నురగ అంటారు. కేవలం గింజలే తినే పక్షికి విటమిన్ ఎ లోపం, కొవ్వు పెరగడం వంటి సమస్యలు రావచ్చు. కనుక కొత్తిమీర, పాలకూర, తురిమిన క్యారెట్ కూడా ఇవ్వాలి. అవకాడో, చాక్లెట్ విషపూరితమైనవి. అతిగా వేడెక్కిన నాన్‌స్టిక్ పాత్రల నుండి వచ్చే పొగ కూడా ఈ పక్షుల ప్రాణం తీస్తుంది.

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అడవిలో పక్షి నీడకు, నీటికి ఎగిరి వెళ్ళగలదు. రేకుల కప్పు క్రింద, లేదా ఎండ పడే గోడకు వ్రేలాడదీసిన పంజరంలోని పక్షికి ఆ అవకాశం లేదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలను శరీరానికి దూరంగా పెట్టడం వడదెబ్బకు గుర్తులు. అటువంటప్పుడు పక్షిని వెంటనే నీడలోకి, గాలి ఆడే చోటికి మార్చి చల్లని త్రాగునీరు అందుబాటులో ఉంచాలి.

చట్టపరమైన స్థితి

భారతీయ వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 ప్రకారం రామచిలుకతో సహా మన దేశపు అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. 1990-91 నుండి స్థానిక వన్యపక్షుల వ్యాపారంపై నిషేధం అమలులో ఉంది. చిలుక జోస్యం చెప్పేవారు రామచిలుకను పంజరంలో ఉంచడం కూడా ఈ చట్టానికి విరుద్ధమే. రామచిలుకను ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

బడ్జెరిగార్ విదేశీ జాతి కనుక ఈ నిషేధం దానికి వర్తించదు. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైట్స్‌లో చిలుకలన్నీ నియంత్రణకు లోబడి ఉండగా, బడ్జెరిగార్, కాకటియల్, గులాబి ముఖపు లవ్ బర్డ్, రామచిలుక ఈ నాలుగింటిని మాత్రం మినహాయించారు. ఇందులో రామచిలుకకు రక్షణ మన దేశ చట్టం ద్వారానే లభిస్తున్నది. 2022లో సవరించిన చట్టం సైట్స్ జాబితాలోని విదేశీ జంతువులను పెంచేవారు వాటిని నమోదు చేయించాలని నిర్దేశించింది. బడ్జెరిగార్ ఆ జాబితాలో లేదు. అయితే కదలడానికి చాలినంత చోటు లేని పంజరంలో ఏ జంతువునైనా, పక్షినైనా బంధించడం జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం.

పంజరంలోని పక్షిని కొని ఆకాశంలోకి వదలడం పుణ్యకార్యమని కొందరు భావిస్తారు. పంజరంలో పుట్టిన బడ్జెరిగార్‌కు మేత వెదకడం గాని, శత్రువును తప్పించుకోవడం గాని అలవాటు ఉండదు. నగరంలోని కాకులు, గద్దలు, పిల్లులకు అది వెంటనే చిక్కుతుంది. దానికి మేలు చేయదలచినవారు పెద్ద పంజరం, తోడుగా మరొక పక్షి, శుభ్రమైన నీరు సమకూర్చడం సరైన పద్ధతి.

వ్యాధులు

క్లమిడియా సిట్టాసి అనే బాక్టీరియా వలన కలిగే చిలుక జ్వరం (సిట్టకోసిస్) పక్షుల నుండి మనుషులకు సోకగలదు. ఎండిన రెట్ట ధూళిని పీల్చడం వలన ఇది వ్యాపిస్తుంది. పంజరాన్ని తడిపి శుభ్రం చేయడం, తరువాత చేతులు కడుక్కోవడం మంచిది. పక్షులను పెంచేవారికి జ్వరం, పొడి దగ్గు వచ్చినపుడు ఆ విషయం వైద్యునికి తప్పక చెప్పాలి. జీర్ణాశయంలో పెరిగే ఒక శిలీంధ్రం, ఈకలు రాలిపోయే వైరస్ వ్యాధి, ముక్కు చుట్టూ గుల్లలు ఏర్పరచే గజ్జి పురుగులు కూడా వీటికి సోకుతాయి.

సంరక్షణ స్థితి

వన్య బడ్జెరిగార్ విస్తారమైన ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్నందున అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని "తక్కువ ఆందోళన" కలిగిన జాతిగా పేర్కొంది. వాతావరణ మార్పుల వలన వడగాడ్పులు పెరగడం, పెంపుడు పిల్లుల నుండి అడవిపాలైన సంతతి వేటాడటం దీనికి ఉన్న ముప్పులు.

ఇవి కూడా చూడండి

రామచిలుక
కాకటియల్
చార్మినారు
లాడ్ బజార్
నెహ్రూ జంతుప్రదర్శనశాల
భారతీయ వన్యప్రాణి సంరక్షణ చట్టం